హ్యాండీక్యామ్ చిన్న డీవీడీల్లోని ఇంటి వీడియోలు బయటికి తీసి, వరసగా కలపడం ఎలా?

హంద్రీ తీరం, కర్నూలు:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో అరచేతిలో పట్టేంత చిన్న డీవీడీలు ఇరవై దాకా ఉన్నాయి. 2006లో మా మామ కువైట్ నుంచి వచ్చేటప్పుడు తెచ్చిన హ్యాండీక్యామ్‌తో తీసినవి. చెల్లెలి పెళ్లి, పాత ఇంటి గృహప్రవేశం, ఒక ఉగాదికి అందరం దేవుని కడప గుడికి పోయిన రోజు, పిల్లల పుట్టువెంట్రుకలు, ఇట్లాంటివన్నీ ఉన్నాయి. 2009 అక్టోబరు వరదలో మా ఇంటి కింది భాగమంతా మునిగింది. ఈ డిస్కుల డబ్బా కూడా నీళ్లలోనే ఉండిపోయింది. అప్పట్లో పైపైన కడిగి దాచారు. కొన్నిటి మీద బురద పొర ఇంకా కనబడుతోంది.

సగం పైన డిస్కులు కంప్యూటర్‌లో తెరుచుకుంటున్నాయి. లోపల వీఓబీ, ఐఎఫ్‌ఓ, బీయూపీ అనే ఫైళ్లు ఉన్నాయి. కొన్ని డిస్కులు పెడితే ఖాళీ డిస్కు అంటోంది, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతోంది. రెండు డిస్కులు మాత్రం తిరుగుతూనే ఉంటాయి, ఏమీ రాదు. కెమెరా ఇంట్లోనే ఉంది, బ్యాటరీ పోయింది.

పెళ్లికి ఫొటోగ్రాఫర్ తీసిన వీడియో వేరే ఉంది. అందులో మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలే మిక్స్ చేశారు, ఒక్కరి మాట కూడా వినబడదు. మా జేజి గొంతు ఉన్నది ఈ చిన్న డిస్కుల్లోనే. తలంబ్రాలప్పుడు ఆమె పాడిన పాట కూడా వీటిలోనే ఉంది. జేజి ఇప్పుడు లేదు. ఒక షాపులో అడిగితే డిస్కులు వదిలిపోండి, అన్నీ కలిపి ఒక్క ఎంపీ4 చేసి ఇస్తాం అన్నారు. ఇవ్వచ్చా?

బురుజు కాడ, కర్నూలు:
అక్కా, ముందుగా ఒక్కటి. ఫార్మాట్ చేయమంటారా అని అడిగిన ప్రతిసారీ వద్దు అని నొక్కి డిస్కు బయటికి తీయండి. అవి ఖాళీ డిస్కులు కావు. షాపుకు ఇప్పుడే ఇవ్వకండి.

ఏడు రోడ్లు, కడప:
నేను చాలా ఏళ్లు పెళ్లి వీడియోలు తీసిన మనిషిని. ఫొటోగ్రాఫర్ల మిక్సింగ్ గురించి ఈ అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ రోజుల్లో పాట లేకుండా వీడియో ఇస్తే పెళ్లివాళ్లు ఒప్పుకునేవాళ్లు కాదు. అందుకే ఇంట్లోవాళ్లు చేత్తో పట్టుకుని తీసినదాని విలువ ఎక్కువ. బొమ్మ ఊగినా మాటలు ఉంటాయి.

డిస్కు సంగతి చెబుతాను. ఇవి 8 సెంటీమీటర్ల డీవీడీలు. ఒక పక్క 1.4 జీబీ పడుతుంది. మామూలు ఎస్‌పీ మోడ్‌లో దాదాపు 30 నిమిషాలు, బాగా మంచి క్వాలిటీలో 20, ఎల్‌పీలో గంట. డిస్కు మీద ఆర్ (ఒక్కసారే రాసేది) అని ఉందా, ఆర్‌డబ్ల్యూ (చెరిపి మళ్లీ రాయగలిగేది) అని ఉందా చూడండి. తీయడం అయ్యాక కెమెరాలో ఫైనలైజ్ అనే పని చేయాలి. అప్పుడే ఆ కెమెరా డిస్కు మొదట్లో విషయసూచిక రాసి ముగిస్తుంది, మిగతా ప్లేయర్లు, కంప్యూటర్లు దాన్ని గుర్తుపడతాయి. ఆ పని చేయకపోతే వీడియో డిస్కులో ఉన్నా కంప్యూటర్‌కు ఖాళీగా కనబడుతుంది. మీ ‘ఖాళీ’ డిస్కులన్నీ దాదాపు అవే అయి ఉంటాయి.

బ్యాటరీ గురించి బాధపడకండి. ఆ మోడల్ అడాప్టర్ దొరికితే చాలు. ఫైనలైజ్ ఎప్పుడూ కరెంటుకు పెట్టే చేయాలి, మధ్యలో ఆగితే ఆ డిస్కు ఎక్కడా తెరుచుకోకుండా పోవచ్చు. కరెంటు పోయే వేళల్లో పెట్టుకోకండి, ఇన్వర్టర్ ఉంటే ఇంకా మేలు.

సప్తగిరి సర్కిల్, అనంతపురం:
ఏడు రోడ్లు అన్న చెప్పినదానితో ఒక్క చోట నాకు అభ్యంతరం ఉంది. ఫైనలైజ్ అంటే డిస్కు మీద మళ్లీ రాయడమే. వరదలో తడిసి పదిహేనేళ్లు దాటిన డిస్కు మీద, అంతే పాత లేజర్‌తో రాయిస్తే ఏమవుతుందో చెప్పలేం. ముందు చదవగలిగినంత చదివి పెట్టుకుని, ఆ తర్వాతే రాయించాలి.

తెరుచుకుంటున్న డిస్కుల నుంచి కూడా ఫైళ్లు లాగి కాపీ చేయకండి. మొత్తం డిస్కునే ఒక ఐఎస్‌ఓ ఇమేజ్‌గా, అంటే డిస్కు మొత్తానికి నకలైన ఒక్క ఫైల్‌గా తీయండి. దానికి నేను వాడేది డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్. లైనక్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. కంప్యూటర్‌లో విండోస్ ఉన్నా ఫరవాలేదు, పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటు నడిపి దీన్ని వాడొచ్చు. ఇది మామూలు కాపీలా చెడిన చోట ఆగిపోదు. మొదట బాగున్న భాగాలన్నీ చదివేస్తుంది, చెడిన చోట్లు ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుని చివర్లో మళ్లీ ప్రయత్నిస్తుంది. సెక్టార్ (డిస్కు మీద డేటా ఉండే చిన్న ముక్క) సైజు 2048 బైట్లు అని ఇవ్వడం మరవకండి, డీవీడీకి అదే లెక్క.

దీని అసలు గొప్పతనం మ్యాప్ ఫైల్‌లోనే ఉంది. ఒక డ్రైవ్‌లో చదవని భాగాన్ని, అదే మ్యాప్ ఫైల్‌తో ఇంకో డ్రైవ్‌లో పెట్టి కొనసాగించవచ్చు. ఒక్కో కంపెనీ డ్రైవ్ లేజర్ ఒక్కో రకంగా చదువుతుంది. ఒకదానికి రానిది ఇంకోదానికి వస్తుంది. ఆఫీసుల్లో పడేసిన పాత డెస్క్‌టాప్ డ్రైవులు రెండు మూడు అడిగి తెచ్చుకోండి.

కొన్ని సెక్టార్లు పోయినా భయపడకండి. డీవీడీలో తప్పులు సరిదిద్దే లెక్క 16 సెక్టార్లకు, అంటే 32 కేబీకి ఒకటిగా నడుస్తుంది. అట్లాంటి ఒక గుంపు సరిదిద్దలేనంత చెడితే ఆ 32 కేబీ పోతుంది. మీ వీడియోలో బొమ్మ దాదాపు ప్రతి అర సెకనుకూ కొత్తగా మొదలవుతుంది కాబట్టి, చెడిన చోట అర సెకను గళ్లు గళ్లుగా కనబడి మళ్లీ సర్దుకుంటుంది. మాట తెగేది అంతకంటే తక్కువ.

ఏడు రోడ్లు, కడప:
సప్తగిరి సర్కిల్ తమ్ముడు చెప్పింది బురద పట్టిన డిస్కులకు ఒప్పుకుంటాను. శుభ్రంగా, గీతలు లేకుండా ఉండి, కెమెరాలో చక్కగా ఆడే డిస్కులకు మాత్రం ఫైనలైజ్ చేయడమే దగ్గరి దారి. నేను అట్లా ఎన్నో చేయించాను. ఏ కెమెరాతో తీశారో దాంతోనే చేయాలి. వేరే కంపెనీ కెమెరాలో పెట్టకండి.

సప్తగిరి సర్కిల్, అనంతపురం:
సరే అన్నా, అట్లానే విడగొడదాం. బాగున్నవి కెమెరాలో. అనుమానం ఉన్నవి ముందు కంప్యూటర్‌లో ఐసోబస్టర్ అనే ప్రోగ్రామ్‌తో. ఫైనలైజ్ కాని డిస్కులో కూడా లోపలి ట్రాకులు అది చూపిస్తుంది, వాటిని ఇమేజ్‌గా బయటికి తీయవచ్చు. ఇట్లాంటి డిస్కుల సైజును లైనక్స్ చాలాసార్లు సున్నా అని చూస్తుంది. అప్పుడు డీడీరెస్క్యూతో పని జరగదు.

ఇంకోటి. అక్కా, మీ డ్రైవ్ ట్రే బయటికి వచ్చే రకమేనా? డిస్కును సన్నటి చీలికలోంచి లోపలికి లాక్కునే రకం అయితే ఈ చిన్న డిస్కు అందులో పెట్టకండి, ఇరుక్కుపోతుంది. ట్రే మధ్యలో చిన్న డిస్కుకు వేరే గుంట ఉంటుంది, అందులో కుదురుగా కూర్చోవాలి. నిలువుగా బిగించిన డ్రైవ్ అయితే జారి పడుతుంది.

బురుజు కాడ, కర్నూలు:
వరద బురద గురించి నేను చెబుతా, మా ఇంట్లోనూ అదే జరిగింది. ఎండిన బురదను గుడ్డతో తుడవకండి. అందులో ఇసుక ఉంటుంది, ఒక్క తుడుపుకే గీతలు పడతాయి. వెడల్పాటి గిన్నెలో మంచినీళ్లు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒకటి రెండు చుక్కలు వేసి నానబెట్టండి. బురద దానంతట అదే వదులుతుంది. వేళ్లతో నెమ్మదిగా కదిలిస్తే చాలు. బోరు నీళ్లతో కడగకండి. మన సీమ బోరు నీళ్లు ఆరితే తెల్లటి ఉప్పు మరకలు మిగులుతాయి, ఆ మరకలే లేజర్‌కు అడ్డం. చివరి కడుగుడుకు బ్యాటరీ షాపుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్ వాడండి. నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. ఎండలో పెట్టకండి. ఆర్ డిస్కుల్లో వీడియో ఉండేది ఒక రంగు పొరలో, వేడికీ ఎండకూ అది పాడవుతుంది. తర్వాత మెత్తని నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. టూత్‌పేస్ట్ రుద్దమని ఎవరైనా చెబితే వినకండి.

ఏడు రోడ్లు, కడప:
ఎండ గురించి చెప్పింది బంగారం లాంటి మాట. మన దగ్గర రేకుల గదుల్లోనూ, అటకల మీదా వేసవిలో ఎంత కాగుతుందో అందరికీ తెలుసు. నీళ్లలో మునిగిన డిస్కు కంటే అటక మీద ఉడికిన డిస్కు చదవడం కష్టం. నా అనుభవంలో నీటి కంటే వేడే ఎక్కువ డిస్కులను చంపింది.

పెన్నా ఇసుక, ప్రొద్దుటూరు:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. మా నాయన కెమెరా డిస్కులు కొన్నిటిలో వీఓబీలు లేవు. ఒక్కటే పెద్ద వీఆర్‌ఓ ఫైల్ ఉంది. అది ఆడుతోంది కానీ టైమ్ తప్పుగా చూపిస్తోంది, ముందుకు జరిపితే ఎక్కడికో పోతోంది. ఇదేం రోగం?

సప్తగిరి సర్కిల్, అనంతపురం:
రోగం కాదు బ్రదర్. మీ నాయన వీఆర్ మోడ్‌లో తీశారు. ఆర్‌డబ్ల్యూ, ర్యామ్ డిస్కుల్లో ఆ వసతి ఉండేది, కెమెరాలోనే ముక్కలు తీసేసి ఎడిట్ చేసుకోవడానికి. తీసినదంతా ఒక్క ఫైల్‌లో వరసగా పడుతుంది. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పక్కన ఉన్న ఐఎఫ్‌ఓ ఫైల్‌లో ఉంటుంది. రికార్డింగ్ ఆపి మళ్లీ మొదలుపెట్టిన ప్రతిసారీ టైమ్ సున్నా నుంచి రావడం వల్ల ప్లేయర్ తికమకపడుతోంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌లో టైమ్ గుర్తులు కొత్తగా వేయించి, బొమ్మనూ మాటనూ అట్లానే కాపీ చేయించండి. ర్యామ్ డిస్కు అయితే అన్ని డ్రైవులూ చదవవు, డ్రైవ్ మీద ర్యామ్ అని రాసి ఉందో లేదో చూడండి. పెట్టెలో ఉండే రకం అయితే పెట్టె విప్పి డిస్కు ఒక్కటే పెట్టాలి.

హంద్రీ తీరం, కర్నూలు:
అందరికీ చేతులెత్తి మొక్కుతున్నా. కెమెరాకు అడాప్టర్ పాత ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లో దొరికింది. బాగున్న ‘ఖాళీ’ డిస్కులు కెమెరాలో ఫైనలైజ్ అయ్యాయి, ఒక్కటీ పోలేదు. బురదవి బురుజు కాడ అన్న చెప్పినట్టు నానబెట్టి కడిగాక చాలావరకు తెరుచుకున్నాయి. ఇమేజ్‌లు తీస్తున్నా. తిరుగుతూనే ఉండిన రెండిటిలో ఒకటి మా తమ్ముడి ఆఫీసు నుంచి తెచ్చిన డ్రైవ్‌లో చదవడం మొదలుపెట్టింది. మ్యాప్ ఫైల్ నిండుతుంటే చూస్తూ కూర్చున్నాం. రెండోది ఇంకా మొండికేస్తోంది.

జేజి పాట దొరికింది. పూర్తిగా ఉంది. మా అమ్మకు వినిపించాను.

ఇప్పుడు కలపడం గురించి చెప్పండి. ఒక డిస్కులో రెండు వీఓబీలు ఉంటాయి, మొదటిది 1 జీబీ దగ్గర తెగి రెండోది మొదలవుతుంది, తెగిన చోట మాట కూడా తెగుతోంది. డిస్కుకు డిస్కు కూడా కలపాలి. అన్నీ ఒక్క ఫైల్‌గా చేస్తే పిల్లలకు టీవీలో పెట్టడానికి సులభం కదా?

సప్తగిరి సర్కిల్, అనంతపురం:
చాలా సంతోషం అక్కా. వీఓబీ 1 జీబీ దాటకూడదన్నది డీవీడీ నియమం, అందుకే వాక్యం మధ్యలో కూడా కోస్తుంది. అసలు మాట పోలేదు, రెండూ సరిగ్గా అంటిస్తే అతుకు కనబడదు. సున్నాతో ముగిసే పేరున్న వీఓబీ మెనూ, దాన్ని కలపకూడదు. ఒకటి, రెండు అని ఉన్నవే అసలు వీడియో.

చేత్తో అంటించడం కంటే మేక్‌ఎంకేవీ అనే ప్రోగ్రామ్ వాడండి. డీవీడీలకు ఉచితం. ఐఎస్‌ఓ ఇమేజ్‌నే దానికి చూపించండి. అది ఐఎఫ్‌ఓ చదివి, ముక్కలను సరైన వరసలో పెట్టి, బొమ్మనూ ధ్వనినీ ముట్టుకోకుండా ఎంకేవీ రకం వీడియో ఫైల్ ఒకటి చేస్తుంది. ఐఎఫ్‌ఓ చెడిపోతే కంగారు వద్దు, బీయూపీ అనేది దాని నకలే. సబ్‌టైటిల్ ట్రాక్ ఏదైనా కనబడితే దాన్నీ టిక్ చేయండి. కొన్ని హ్యాండీక్యామ్‌లు తీసిన తేదీ, టైము సబ్‌టైటిల్‌గా దాచేవి. ఏ డిస్కు ఏ రోజుదో తెలియనప్పుడు అది దేవుడిచ్చిన వరం.

తర్వాత డిస్కుకు డిస్కు అతకడానికి ఎంకేవీటూల్‌నిక్స్. అందులో అపెండ్ అని ఉంటుంది. మళ్లీ ఎన్‌కోడ్ చేయదు, అందుకే క్వాలిటీ రవ్వంత కూడా తగ్గదు. ప్రతి డిస్కు మొదలయ్యే చోట చాప్టర్ గుర్తు దానంతట అదే పెట్టించవచ్చు.

చిత్రావతి, అనంతపురం:
అన్నీ ఒక్క ఫైల్‌గా చేయడం నాకు నచ్చదు. ఇరవై డిస్కులంటే ఇరవై జీబీ దాటుతుంది. ఆ ఒక్క ఫైల్ చెడితే అన్నీ పోతాయి. పైగా పిల్లలు పది గంటల వీడియో చూడరు. పెళ్లి ఒకటి, గృహప్రవేశం ఒకటి, దేవుని కడప ఒకటి, ఇట్లా వేడుకకు ఒకటి చేయండి. ఆ ఉగాది వీడియో ఎవరికైనా చూపించదగినది. ఉగాది నాడు దేవుని కడపలో హిందువులు, ముస్లింలు ఒకే గుడి మెట్లు ఎక్కడం బయటి ఊర్ల వాళ్లకు చెబితే నమ్మరు.

ఏడు రోడ్లు, కడప:
చిత్రావతి చెప్పిందే సరి. వేడుకకు ఒకటి. డిస్కు చివర మిగిలిన చోటులో మరుసటి నెల పుట్టినరోజు తీసి ఉంటారు, చూసుకుని విడగొట్టండి.

హంద్రీ తీరం, కర్నూలు:
వేడుకకు ఒకటిగానే చేస్తాను. ఒక చిక్కు వచ్చింది. పెళ్లిలో మా అన్న అమెరికా నుంచి తెచ్చిన కెమెరాతో తీసిన డిస్కు కూడా ఒకటి ఉంది. దాన్ని అపెండ్ చేయబోతే ఎంకేవీటూల్‌నిక్స్ కుదరదంటోంది.

సప్తగిరి సర్కిల్, అనంతపురం:
కుదరదు అక్కా. మామ కెమెరా పాల్ అనే టీవీ పద్ధతిది, అంటే బొమ్మ 720×576, సెకనుకు 25 ఫ్రేములు. మీ అన్నది అమెరికా పద్ధతి, ఎన్‌టీఎస్‌సీ, 720×480, సెకనుకు 29.97. బలవంతంగా కలిపితే ఏదో ఒకటి ఆడదు. ఆ డిస్కును విడి ఫైల్‌గానే ఉంచండి, అదే మంచిది. ఒకే వీడియోలో కావాలంటే టీవీ కోసం చేసే కాపీలో మాత్రమే రెండూ ఒక కొలతకు మార్చి కలపండి, అసలు ఫైళ్లను ముట్టుకోకండి.

టీవీ కాపీకి హ్యాండ్‌బ్రేక్ వాడండి. హెచ్264, క్వాలిటీ అంకె 18 నుంచి 20 మధ్య పెట్టండి. ఈ కెమెరాలు ఒక్కో ఫ్రేమును సరి గీతలు, బేసి గీతలు అని రెండుగా తీసేవి, అందుకే కంప్యూటర్‌లో చెయ్యి కదిలితే దువ్వెన పళ్లలాంటి గీతలు కనబడతాయి. ఆ గీతలు పోగొట్టే డీఇంటర్లేస్‌లో బాబ్ అనేది ఎంచుకుంటే పాల్ వీడియో సెకనుకు 50 ఫ్రేములుగా వస్తుంది, కదలిక అప్పట్లో టీవీలో చూసినట్టే ఉంటుంది. షాపుల్లో చేసే ఎంపీ4ల్లో ఈ 50ని 25 చేసేసి, ధ్వనిని కూడా నలిపేస్తారు. నాయిస్ తగ్గించే ఫిల్టర్లు పెట్టకండి. ఫ్యాన్ చప్పుడుతో పాటు జేజి గొంతులోని జీర కూడా పోతుంది.

బురుజు కాడ, కర్నూలు:
పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, మా ఇంట్లో దీనికే ఒక పూట పట్టింది. మీ టీవీ ఒప్పుకుంటే ఎక్స్‌ఫ్యాట్ చేసుకోండి. ఐఎస్‌ఓలు రెండు వేరు వేరు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకటి వేరే ఊర్లో, మీ మామ ఇంట్లోనో చెల్లెలి ఇంట్లోనో ఉంచండి. మళ్లీ నీళ్లు వచ్చినా ఒకటి మిగలాలి.

హంద్రీ తీరం, కర్నూలు:
రెండో మొండి డిస్కు సంగతి. ఏ డ్రైవ్‌లోనూ రాలేదు. కానీ కెమెరాలో పెడితే ఆగి ఆగి ఆడుతోంది! దాన్ని ఫైనలైజ్ చేయమంటారా?

ఏడు రోడ్లు, కడప:
వద్దమ్మా. ఆగి ఆగి ఆడుతోందంటే కెమెరా కష్టపడి చదువుతోంది, దానిమీద రాయించకండి. కెమెరాతో ఇచ్చిన ఏవీ కేబుల్ ఉంటుంది, పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులది. కెమెరా బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించే యూఎస్‌బీ క్యాప్చర్ కార్డుకు తగిలించి, కెమెరాలో ఆడిస్తూ కంప్యూటర్‌లో ఓబీఎస్ అనే ప్రోగ్రామ్‌తో రికార్డు చేసుకోండి. డిజిటల్ కాపీ అంత శుభ్రంగా రాదు, కానీ వస్తుంది. ఆగిన చోట వెనక్కి జరిపి మళ్లీ ఆడించండి, ఒక్కోసారి రెండో మారు చదువుతుంది. కెమెరా వేడెక్కితే కాసేపు ఆపేయండి.

బురుజు కాడ, కర్నూలు:
క్యాప్చర్ కార్డు నా దగ్గర ఉంది అక్కా, కొనకండి. నాకు మెసేజ్ పెట్టండి. కెమెరా, అడాప్టర్, కేబుల్ మూడూ తీసుకురండి.

హంద్రీ తీరం, కర్నూలు:
ఆదివారం వస్తాం అన్నా, తమ్ముడు కూడా వస్తాడు. ఆ డిస్కు మీద ‘గృహప్రవేశం, రెండు’ అని మా నాయన చేతిరాత ఉంది. పాత ఇంట్లో తీసిన వీడియోల్లో మిగిలింది అదొక్కటే.

సప్తగిరి సర్కిల్, అనంతపురం:
క్యాప్చర్ అయ్యాక కూడా ఆ డిస్కును పారేయకండి. ఫైల్ పేరులో క్యాప్చర్ అని రాసి పెట్టండి. రేపు ఇంకో మంచి డ్రైవ్ దొరికితే అసలుది తీసి దాని స్థానంలో పెట్టుకోవచ్చు. నా దగ్గర ర్యామ్ కూడా చదివే పాత డ్రైవ్ ఒకటి ఉంది, కర్నూలు వచ్చే వాళ్లెవరైనా ఉంటే పంపిస్తా.

పెన్నా ఇసుక, ప్రొద్దుటూరు:
నాకూ ఆ ర్యామ్ డ్రైవ్ అవసరం ఉంది అన్నా. అక్క పని అయ్యాక నాకు ఇప్పించండి.